అచ్చుతప్పు

నల్లగొండ గడియారం సెంటర్ కాడ
పేజీకి ఇరవై రూపాయలకు టైపు చేస్త.
మర్రిగూడ నుంచి రిటైరైన లైన్‌మన్ సోమనర్సయ్య
మూడు నోటుబుక్కులు తెచ్చిండు:
అంగారకుని మీది నవల.

అండ్ల గాజుగుమ్మటం కిందోళ్లది నీళ్లపక్షం.
వాల్వు తిప్పే చెయ్యి వాళ్లదే.
గుంతలు తవ్వేటోళ్లది ఎర్రమట్టి దళం,
ఇరవై ఏండ్లాయె, వాళ్ల మీటింగు ఇంక ఒడువలే.
మూడో జట్టుకు పేరే లేదు;
గ్రహణం పట్టినప్పుడల్లా కండువా మారుస్తది.

పదమూడో అధ్యాయంల ఒక పిల్లగాడు.
ఆడి నీళ్లు తాగి మోకాళ్లు వంకరపోయినయి.
రెండు పక్షాలూ జెండాల మీద వాని బొమ్మేసుకున్నయి.
వాని ఇంటి ముందల బిందె మాత్రం
బోర్లిచ్చినట్టే ఉన్నది.

నా వేలు జారింది.
'గ్రహం' కొట్టాల్సిన కాడ 'గ్రామం' పడ్డది,
నలభై ఒక్క చోట్ల.

ప్రూఫు చూస్తానికి వచ్చిండు సోమనర్సయ్య.
చాయ్ చల్లారింది. ఎర్రపెన్నుతోని
నలభై దిద్దిండు.
పదమూడో అధ్యాయంలది ఇడిసిపెట్టిండు.

"గదొక్కటి ఉండనీ బిడ్డా" అన్నడు,
బల్ల ఊతం పట్టుకొని
ఒంగని మోకాలు ముందటికి జరుపుకుంట.