లేరు అని రాసినోళ్లకే

సిత్రాల మా రూము నంబరు పదకొండు.
ఎనిమిది మంచాలు, ఏడుగురం.
కిటికి పక్క మంచం మీద
ఇప్పుడు పాలపొడి డబ్బ ఒక్కటే పండుకుంటది.

రాజగంగారం మంచమది.
ఆ ఇంటిపేరు మొత్తంల డిగ్రీ పాసైన మొదటోడు.
ఐతారం ఐతారం నిజామాబాదు పోయి
బస్సుల నిలబడి చదివిన బీయే.
ఇక్కడ పైపులెక్కి స్కాఫోల్డింగు కట్టెటోడు.
పట్టా మాత్రం ప్లాస్టిక్ కవర్ల పెట్టి
పరుపు కింద దాసుకున్నడు, పాస్‌పోర్టు లెక్క.
పాస్‌పోర్టేమో కంపెనీ దగ్గర ఉండె.
అడిగి తెచ్చింది గూడ ఆయనే, మా అందరియి.

సంఘమంటే ఏం లేదు,
శుక్రవారం చాయ్, ఒక నోట్‌బుక్కు, ఆయన కండ్లద్దాలు.
జీతం ఆగితే అర్జీ రాసెటోడు.
కింద నేను ఏలిముద్ర పెట్టబోతే చెయ్యి పట్టుకున్నడు.
"పోశెట్టీ, మూడక్షరాలు, ఒక్క ఒత్తు.
మూడు దినాలల్ల నేర్సుకో."
నాకు ఏడాది వట్టింది.

జులైల, పగటి బ్రేకుల, పండుకున్నోడు లేవలే.

చందా జమజేసినం.
పెట్టె పంపే ఖర్సు ఆఖరికి కంపెనీయే పెట్టుకున్నది.
మిగిలినయి నూట నలభై దినార్లు.
"సగం చాలు" అన్నది ఫోన్ల శంకరవ్వ,
"తతిమ్మయిటితోని ఎవలన్న చదువుకోనీ."
ఫొటో పెద్దగ కట్టిద్దామన్నడొకడు.
వంటాయన, పెషావరు బషీరు,
సప్పుడు చేయకుండ రెండు దినార్లు డబ్బల ఏసి
పొయ్యి కాడికి పోయిండు.

అప్పటిసంది జీతం దినం తలా ఒక దినారు.
ఫారం మేమే తయారు చేసినం, ఒక్కటే ప్రశ్న:
మీ ఇంట్ల కాలేజీ చదివినోళ్లు ఉన్నరా?
లేరు అని రాసినోళ్లకే.

లేరు.
ఆయన పేరు పక్కన ఈ మాట రాయ చేతగాక
నోట్‌బుక్కుల ఆ గీత ఖాళీగనే ఇడిసిపెట్టినం.
ఇప్పుడు ఊళ్లకెల్లి కాయితాలల్ల వస్తున్నది,
ఒక్కో చేతిరాతల ఒక్కో తీరు.
బీడీలు చేసే నర్సవ్వ బిడ్డ నవనీత
లేరు అని రాసి, కొట్టేసి, మళ్ల రాసింది.
కింద చిన్నగ, "నేను అయిత."

ఆమెకిచ్చినం.
సంతకం నాది. మూడక్షరాలు, వంకరగ.

మూడేండ్లకు ఆమె తమ్ముడు ఫారం పంపిండు.
చదివినోళ్లు?
"ఉన్నది. మా అక్క."
ఒకల చేతికెల్లి ఒకలు గుంజుకొని చదివినం.
రూలంటే రూలే గద.
ఇయ్యరాదు అని రాసి, సంతకం పెట్టి,
ఆ రాత్రి బషీరుతోని సేమ్యా చేయించుకున్నం.