నీలి గీత

మే నెల రెండో వారం, నార్వే పడమటి ఒడ్డు.
కొండ భుజాన ఇంకా పాత మంచు.
నిచ్చెన మూడో మెట్టు మీద నిలబడి యోరున్
విచ్చబోతున్న పియర్ మొగ్గను బొటనగోటితో గిల్లుతుంది.
రేకులు, వాటితోపాటు ఎర్రటి కేసరాలన్నీ
ఒక్క పట్టున ఊడి తడిగడ్డిలో పడతాయి.
మిగిలేవి అయిదు సన్నని కీలాలు,
సిగ్గుపడే తీరికైనా లేకుండా.

పుప్పొడి దక్షిణాది చెట్టుది.
బల్బు కింద కాగితం మీద రెండు రాత్రులు ఎండి
గాజుసీసాలో, ఫ్రిజ్‌లో, వెన్న పక్కన నిద్రపోయింది.
చూపుడువేలు ముంచి
బొట్టు పెట్టినంత మెత్తగా అద్దుతుంది.
"పెళ్లి అనకండి దీన్ని," అంటుంది,
"పెళ్లికి కనీసం ఒకరైనా ఒప్పుకోవాలి."
తర్వాత కాగితం సంచి, దారం, చీటీ.
చీటీ మీద పెన్సిల్ రాతే.
సిరా వానకు ఏడుస్తుంది, పెన్సిల్ ఏడవదు.
ఆ మాట అస్లాక్‌ది.

పదమూడేళ్ల కిందట ఇదే నిచ్చెన ఎక్కినవాడు అస్లాక్.
ఆ ఏటి గింజలు తడి ఇసుకలో చలికాలం గడిపి
ఆరువందల నలభై మొలకలయ్యాయి.
పసితనంలో పియర్ మొక్కకు ముళ్లుంటాయి,
తల్లికీ తండ్రికీ లేనివి,
ఏ ముత్తాత అడవినుంచో మోసుకొచ్చినవి.
ముళ్లు మరిచిపోయేదాకా పూత లేదు.

తొమ్మిదో ఏట మొదటి కాపు.
కొరకడం, నమలడం, ఉమ్మడం, రాయడం.
ముప్పైరెండు: ఇసుక.
నూటపది: నీళ్లు, తీపి గురించి ఎవరో చెప్పగా విన్న నీళ్లు.
రెండువందల ఆరు: పైకి నిగనిగ, గుండె దగ్గర కుళ్లు.
ఎనభై ఏడు: పచ్చి బంగాళదుంప.
ఒక్కోదాని మొదట్లో నీలిరంగు గీత.
నీలి గీత అంటే రంపం.

నాలుగువందల పన్నెండు దగ్గర
యోరున్ ఉమ్మడం మరిచిపోయింది.

ఆకు చూసి ప్రయోగశాల చెప్పింది:
తల్లి నిజం. తండ్రి, పుస్తకంలో రాసినవాడు కాడు.
పాత నోట్‌బుక్ తిప్పితే అస్లాక్ పెన్సిల్:
"సంచి చిరిగింది. గాలి. కాయ ఉంచాను."
రేకుల్లేని పువ్వును తేనెటీగ పట్టించుకోదంటారు.
ఏదో ఒకటి పట్టించుకుంది.
రేవు దగ్గర, బస్సుస్టాపు వెనక
ఎవరూ తినని వగరు పియర్ చెట్టొకటి ఉంది,
తనకేమీ తెలియనట్టు.

మంచి పియర్ చెట్టున పండదు.
గట్టిగా ఉండగానే కోసి, పన్నెండు రోజులు కిటికీలో పెట్టి,
తొడిమ దగ్గర వేలు దిగిన రోజు
పడవెక్కి అవతలి ఒడ్డుకు తీసుకెళ్లింది.
అస్లాక్ చాకు తీశాడు. రసం మణికట్టుదాకా కారింది.
తుడుచుకోలేదు. తండ్రెవరని అడగలేదు.

"మిగతావి?"
"నరికేశాం."
"ఎనభై ఏడు కూడానా?"
"దాని పండు పచ్చి దుంప, అస్లాక్."
"పండు సంగతి కాదు," అన్నాడు.
"ఆ వంకర కొమ్మది. అన్నిటికన్నా ముందు పూసేది,
మంచుకు సగం పువ్వు మాడ్చుకునేది,
మళ్లీ ఏడు మళ్లీ ముందే పూసేది."

యోరున్ చేతులు బల్ల కిందికి తీసుకుంది.
గోళ్ల సందుల్లో నీలం
ఇంకా పోలేదు.