కొసముడి

హన్మకొండ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురంగ,
జిరాక్సు మిషన్ ఆవిరి మోకాళ్లకు తగిలేంత దగ్గర్ల
ఇద్దరం ఒకే బెంచీ మీద కూసున్నం.
పెళ్లికింకా పదకొండు రోజులున్నది.

యాకూబ్ సాబు కండ్లద్దాలు నొసటి మీదికి జరిపి అడిగిండు:
"అమ్మకమా, కిరాయా, పాలుపంపకమా?"
ఓదెలు నా దిక్కు చూసిండు.
"పెళ్లి" అన్న.
సాబు వేళ్లు గాల్లనే ఆగినయ్.
ఆయన కంప్యూటర్ల అన్నిటికీ నమూనా ఉన్నది,
దీనికి లేదు.

నిన్న మా చిన్నమ్మ కొత్తవాడంత వినేటట్టు లొల్లి చేసింది:
"కూడకముందే ఇడిపోయే ముచ్చటేందే?
పుస్తె కట్టేటోని చేతికి కత్తెరిస్తరా ఎవలన్న?"
నేను మగ్గం దిగలేదు.
"చిన్నమ్మా, జంపఖానా కొనేటోడు
ముందుగాల పువ్వు చూడడు.
కొసలు తిప్పి చూస్తడు,
ముడి గట్టిగున్నదా అని."

ఆమెకు తెల్వనిది కాదు.
ఆరేండ్ల కింద, పదకొండో దినం,
కాకికి పెట్టిన ముద్ద ఇంకా ఎండకముందే
మా బావలు పంజాలు లెక్కపెట్టిండ్రు.
నూలు బేళ్లు ఆటోకెక్కినయ్.
ఇంటి కాయితం ఏ పెట్టెల ఉన్నదో
నాకంటె వాళ్లకే బాగ తెలుసు.
శ్రీనితకు అప్పుడు ఐదేండ్లు.
ఆటో ఎనక ఉరికింది,
నూలు సంచిల తన బొమ్మ పోతున్నదని.
ఆ బొమ్మ కోసం
ఏ కోర్టు మెట్లెక్కాలె నేను?

ఇప్పుడున్నయి:
అరవై గజాల జాగ, రెండు మగ్గాలు,
పోస్టాఫీసుల పిల్ల పేరు మీద ఒక పాసుబుక్కు.
ఒక్కో గజం ఎన్ని జంపఖానాలో
నా నడుముకు లెక్క తెలుసు.

వకీలు ప్రమోదిని మేడం ముందే చెప్పింది,
"ఈ ఒప్పందం రేపు జడ్జి ముందట నిలుస్తదని
నేను మాటియ్యలేను.
జాగ మాత్రం బిడ్డ పేర దానపత్రం చెయ్యి,
రిజిస్ట్రీ చెయ్యి. అది నిలుస్తది."
అది పొద్దుగాలనే అయిపోయింది.
వేలి మీద సిరా ఇంకా పోలే.
మరి ఈ రెండో కాయితం ఎందుకంటే
నాకూ సక్కగ తెల్వదు.
నిలిచినా నిలవకున్నా
ఒకపారి ఇద్దరం గట్టిగ చదువుకోవాలెనని.

"నావి రాయి" అన్నడు ఓదెలు,
డిపోల బస్సు కింద పండి లేచిన మనిషి,
గోళ్లల్ల గ్రీజు.
"నా అప్పు రాయి ముందు.
సొసైటీల రెండు లక్షల పదివేలు.
అది నాదే. ఆమెకు అంటొద్దు,
ఆమె బిడ్డకు అంటొద్దు."

నా కడుపుల చల్లగ ఏదో జారింది.
ఎనిమిది నెలలు
ఎన్ని ఛాయలు తాగినం,
భద్రకాళి చెరువు కట్ట మీద ఎన్ని పల్లీలు వొలిచినం,
ఒక్కనాడు ఈ ముచ్చట రాలే.
"ఎందుకు చెప్పలే?"
"కాదంటవని."
"ఇప్పుడంటే?"
"ఇప్పుడను. సంతకం పెట్టలే ఇంకా."

కోపమొచ్చింది. లేవబోయిన.
లేవలేదు.
జిరాక్సాయన ఎవలిదో కులం సర్టిఫికెట్టు
మూడుసార్లు తీసిండు, మూడుసార్లు అడ్డమే వచ్చింది.
అంతసేపు ఆలోచించిన.
అప్పు చెప్పి మోసేటోడు,
అప్పు దాచి మోపేటోడు,
ఇద్దరు ఒకటి కాదు.
"రాయుండ్రి సాబూ" అన్న.

మళ్ల ఆయనే గొంతు సవరించుకున్నడు.
"ఒకవేళ మేం ఇడిపోతె…
సాకేతుకు లెక్కలు ఆ పిల్లనే చెప్తది.
ఐతారం ఐతారం చెప్పుడు బందు కావొద్దు.
పెద్దల కొట్లాట పిల్లలకొద్దు.
ఇది రాయస్తదా?"

యాకూబ్ సాబు తెర దిక్కు చాలాసేపు చూసిండు.
"సెక్షన్ లేదు బిడ్డా దీనికి.
రాస్త. కాని పేజీ మారుతది,
యాభై ఎక్కువైతది."

చదివిన. ప్రతి వరుస మీద వేలు పెట్టి,
తెగిన పోగు వెతికినట్టు.
ఒక కాడ నా పేరుల అక్షరం తప్పు,
దిద్దిచ్చిన.
ఇద్దరం సంతకాలు చేసినం.

ఆ యాభై ఎవలియ్యాలెనో
అండ్ల రాయలేదు.
ఇద్దరం ఒక్కపారే
జేబు ఆయన, కొంగుముడి నేను
తడుముకున్నం.