మొదటి నీళ్ళు

చావ్‌జౌ పాత బస్తీలో, తాళాలు బాగుచేసే కొట్లో
పనికి కుదిరిన మొదటి రోజే
నేను కప్పను సబ్బుతో తోమేశాను.

నాకేం తెలుసు?
టీ పళ్ళెంలో గుప్పెడంత ఉంది,
మూడే కాళ్ళు, నోట్లో నాణెం,
వీపంతా నల్లగా, జిడ్డుగా మెరుస్తోంది.
మురికనుకున్నాను.
గిన్నెల పీచుతో రుద్ది, రుద్ది,
నిమ్మవాసన నురగలో రాత్రంతా నానబెట్టి
ఇటుకముక్కలా వెలవెలబోయిన దాన్ని
తెచ్చి మళ్ళీ పళ్ళెంలో పెట్టి
మెప్పు కోసం నిలబడ్డాను.

జువాంగ్ మాస్టారు ఏమీ అనలేదు.
నీళ్ళు మరిగించారు.
ఫెంగ్‌హువాంగ్ కొండ ఆకును చిన్న మట్టి కూజాలో కూరి
మొదటి నీళ్ళు పోసి, వెంటనే వంచేశారు.
ఆ నీళ్ళు ఎవరూ తాగరు.
ఆకును నిద్రలేపడానికీ, కప్పులు వెచ్చబెట్టడానికీ అవి.
మిగిలింది కప్పకు.

వేడి తగలగానే
నాణెం పక్కనుంచి
ఒక బుడగ.
ఇంకోటి.
తర్వాత గుత్తులు గుత్తులు.

ఆలివ్ పచ్చడి అమ్మే గువో అవ్వ
నవ్వు ఆపుకోలేక గడప మీద కూలబడింది.
మాస్టారు నవ్వలేదు. వేళ్ళు లెక్కపెట్టారు.
"తొమ్మిదేళ్ళు" అన్నారు.
"రోజుకు నాలుగుసార్లు, తొమ్మిదేళ్ళు తాగించాను దీనికి."

నన్ను తీసుకున్నదే వారం రోజులకు.
పాత తాళాల తుప్పు గోకే పని, అంతే.
మూట సర్దుకుందామని లేచాను.
"ఎక్కడికి?" అన్నారు,
"తొమ్మిదేళ్ళ బాకీ పెట్టుకుని?"

అప్పట్నుంచి పోస్తున్నాను.
పొద్దున మొహం వీధివైపు, సంపాదించుకు రమ్మని.
రాత్రి మొహం లోపలికి, తెచ్చింది దింపమని.
మధ్యలో తాళాలు నేర్చుకున్నాను.
చెవి ఆనిస్తే చాలు, ఎక్కడ మొండికేసిందో
ఇత్తడే చెబుతుంది.

ఎందరొచ్చినా కప్పులు మూడే,
వంతులు తిరగాల్సిందే.
కప్ప మాత్రం వంతు అడగదు.
పారబోసే నీళ్ళతోనే రంగు తెచ్చుకుంది,
ముందు కాళ్ళ మడతల్లో, తర్వాత కళ్ళ చుట్టూ,
ఆపైన వీపు మీది బుడిపెలు ఒక్కొక్కటే
ముదిరిన రేగుపండు తోలులా నిగ్గుతేలాయి.

ఈ వసంతానికి తొమ్మిదేళ్ళు నిండాయి.
మాస్టారి చెయ్యి వణుకుతోంది,
తాళంచెవి రంధ్రాన్ని వెతుక్కుంటోంది.
ఆకురాయి ఇప్పుడు నేనే పడుతున్నాను.

రోజూ లాగే ఇవాళా
కప్పను ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని
వాసన చూశారు.
నాకైతే టీ తప్ప ఇంకేమీ తగలదు.
"ఊహూఁ" అన్నారు,
"ఇంకా సబ్బు వాసనే."

నేను వెళ్ళి షట్టరెత్తాను.