నడవకూడని మనిషి

కంప్యూటర్ చీటీలు తీసింది.
నాకు నడక వచ్చింది,
ఓఫెలియాకు కుర్చీ.

"ఆర్నెల్లపాటు మీరు ఎప్పటిలాగే ఉండాలి"
అన్నాడామెతో డాక్టర్ ఇరిగోయెన్.
ఎప్పటిలాగే అంటే ఎప్పటిలాగో
ఒక రొమ్ముతో మిగిలిన మనిషిని
అడగాలని తోచలేదు పాపం.

ఉన్ని కడిగే ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు
నిలబడిందాన్ని నేను.
ఇప్పుడు వారానికి మూడు పొద్దులు
గుండెను లెక్కపెట్టే గడియారం కట్టుకుని
మోంటెవిడియో రాంబ్లా వెంట,
నదో సముద్రమో ఇంకా తేల్చుకోని
గోధుమరంగు నీళ్ళ పక్కన.
పన్నెండుమందిమి.
జుల్మా బ్రాలో కొర్రగింజల సంచి, తనే కుట్టుకుంది.
బరువు సరిగ్గా సరిపోయిందట,
పావురాలే వెంటపడుతున్నాయట.
నవ్వితే గడియారం కంగారుపడి కూస్తుంది.

నెలకోసారి రక్తం.
మాతే తాగకూడదు, పరగడుపున రావాలి.
కుడిచెయ్యి వద్దంటుంది నర్సు మిర్తా,
ఆ చంకలో గ్రంథులు తీసేశారు కదా.
ఎడమచెయ్యి ఒక్కటే అందరికీ సమాధానం చెబుతోంది.

మందుచీటీ వెనక బొమ్మలు గీశాడు డాక్టరు:
ముట్లుడిగినా కొవ్వు ఊరుకోదట,
దొంగసారా కాచినట్టు ఈస్ట్రోజెన్ కాస్తుందట.
ఇన్సులిన్ మోతాదు మించితే
ఏ ఇంట్లో ఏది నిద్రపోతోందో చూడకుండా
తలుపులన్నీ తట్టుకుంటూ పోతుందట.
దాని తోబుట్టువు లాంటిది ఇంకొకటి,
పేరు ఎదుగుదల కారకం.
దాన్ని రెక్కపట్టుకుని ఆపే ప్రొటీన్లూ ఉన్నాయి,
నడక ఆ చేతులకు బలమిస్తుందేమో అన్నాడు.
ఆ 'ఏమో' కోసమే
ఇన్ని గాజుగొట్టాల మా రక్తం.

ఎదుగుదల.
వంటింటి తలుపుకు నన్ను ఆనించి
నెత్తిమీద పెన్సిలు గీత గీసి
"వేలెడు ఎదిగావే!" అనేది అమ్మ.
ఆ రోజు పాలమీగడ నాకే.
అదే మాట ఇప్పుడు ల్యాబు కాగితం మీద కనిపిస్తే
అరచేతులు చల్లబడతాయి.

ఐదో నెలలో ఓఫెలియా నోరు విప్పింది.
రాత్రి పదకొండుకి కుక్కను తిప్పుతోందట.
ఆమెకు కుక్క లేదు.
కింది అంతస్తు ముసలాయనది అరువు,
కుంటిది, పేరు జనరల్.
మొదట వీధి చివరిదాకా,
తర్వాత స్మశానం గోడదాకా,
ఇప్పుడు జనరల్‌ను మధ్యలో ఎత్తుకుని మరీ.
"లెక్క పాడవుతుందే!" అన్నాను.
"కూర్చుంటే అది లోపల పెరుగుతున్న చప్పుడు
వినబడుతోంది" అంది.
ఇద్దరం కాసేపు మాతే గొట్టంతో
అడుగున మిగిలిన ఆకును కెలికాం.

ఫలితాల రోజు.
నా ఇన్సులిన్ కాస్త దిగింది.
ఎదుగుదల కారకం
మొండి గాడిదలా ఉన్నచోటే ఉంది.
"ఒక్కోసారి అంతే" అన్నాడు డాక్టరు దాచకుండా,
అందుకే ఆయనంటే ఇష్టం నాకు.
ఓఫెలియా కాగితం మాత్రం
రెండుసార్లు తిరగేశాడు,
కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ చూశాడు.
కూర్చున్న మనిషికి
నా కంటే ఎక్కువ దిగింది.

చెప్పనా? మా తర్వాత ఈ కుర్చీల్లోకి వచ్చేవాళ్ళు
ఈ అంకెను నమ్ముకునే లేస్తారు, లేదా లేవరు.
చెబితే, ఆర్నెల్ల రాత్రుళ్ళు
ఓఫెలియా ఖాతాలోంచి కొట్టేస్తారు.
నా నోరు ఇంకా తెరుచుకోనేలేదు,
తన ఫారం వెనక్కి అడిగింది ఆమె.
'వ్యాయామం చేశారా?' దగ్గర 'లేదు' కొట్టేసి
పక్కన రాసింది:
అరువు కుక్క. రోజూ. క్షమించండి.

డాక్టరు చాలాసేపు చదివాడు ఆ మూడు మాటలూ.
"కుక్క ఏ జాతి?" అన్నాడు చివరికి.

మంగళవారం రాంబ్లా మీద
మేము పదముగ్గురం, జనరల్ కాక.
గాలి నీటిమీంచి ఎదురు కొడుతోంది.
జనరల్ మూడుకాళ్ళ మీద ఎగిరెగిరి
జుల్మా జాకెట్టు వాసన చూస్తోంది,
పావురాలు దాన్ని చూసి
కాస్త దూరంగా నడుస్తున్నాయి.