రెండు పచ్చలు

ఆకుపచ్చ అంటే కట్టకూడదు.
పసుపుపచ్చ అంటే కట్టుకోవచ్చు.
ఉద్యోగంలో చేరినరోజు మా సెక్షన్లో నేర్పింది ఇంతే.
తక్కినది మెల్లగా తెలిసింది:
రెండూ పచ్చలే కదమ్మా,
ముందుమాట మారిస్తే ఎవరికేం పోయింది?

బుడమేరు దిగువన, రాయనపాడు దాటాక
నూట నలభై రెండెకరాల జమ్ము, తుంగ, నాచు.
ఫైల్లో దాని పేరు నిరుపయోగ పల్లపు భూమి.
జోన్ మార్పు కోరిన అర్జీ మాత్రం
గంధం వాసన వేసే కవర్లో వచ్చింది,
లోపల వెంచర్ బ్రోచరు,
ఉయ్యాల ఊగుతున్న ఒక పాప.

తనిఖీకి వెళ్ళాం, నేనూ చైన్‌మన్ ఏసుపాదమూ.
"చెప్పులు చేత పట్టుకోండమ్మా" అన్నాడు.
కొలకర్ర గుచ్చితే
మనిషి మోకాలు దాటి దిగిపోయింది,
తీస్తే చివర ఒక నత్త.
అటు నత్తగుల్ల కొంగలు
మమ్మల్ని అధికారులుగా గుర్తించలేదు.
మట్టగిడస ఒకటి తోక కొట్టి
నా రిజిస్టరు మీద నాలుగు చుక్కలు చిమ్మింది.
రిపోర్టులో రాయడానికి వాటికి గడి లేదు.

నిజం చెప్పాలంటే నేనుండేదీ
ఒకప్పటి ఆకుపచ్చలోనే.
సింగ్‌నగర్, రెండో అంతస్తు.
ఆ ఏడు నీళ్ళొచ్చినప్పుడు
తొమ్మిదో మెట్టు మీద కూర్చుని
పాలప్యాకెట్ల పడవ కోసం చూశాను.
మా వీధికి ఎవరు రంగు వేశారో
పాత ఫైళ్ళలో వెతికాను.
సంతకం ఉంది. చదవడానికి రాలేదు.

అభ్యంతరాలకు ముప్పై రోజులు, రెండు ప్రతులు.
నోటీసు బోర్డు మీద ఎండకు చుట్టచుట్టుకుంది కాగితం.
ఇరవై తొమ్మిదో రోజు మధ్యాహ్నం
నాంచారమ్మ వచ్చింది, బాతులు మేపే మనిషి,
చీర కుచ్చిళ్ళకు ఎండిన బురద.
గుమాస్తా ఆమె మాటలు రాశాడు,
వేలిముద్ర వేయించాడు.
గోడకున్న మ్యాపు చూసి అడిగింది:
"నా బాతులు ఏ రంగులో ఉన్నాయమ్మా?"

చూపించాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత సిరా ఆరని బొటనవేలిని
ఒకచోట నొక్కిపెట్టి,
"నీళ్ళు ఇక్కడే పడుకుంటాయి" అంది,
నిద్రపోతున్న బిడ్డ సంగతి చెప్పినట్టు.

సారు చూసి విసుక్కున్నారు.
"కొత్త ప్రింటు తీయించండి. పసుపులోనే."
నీరు పల్లమెరుగు అంటారు పెద్దలు.
ఆయనా ఎరుగును. వాళ్ళ ఇల్లు
మొగల్రాజపురంలో, కొండ పక్కన.

అందరూ భోజనాలకు వెళ్ళాక
ఆ ముద్ర దగ్గరికి కుర్చీ జరుపుకున్నాను.
గీత చుట్టూ గీత, లోపలికి, ఇంకా లోపలికి,
మధ్యలో ఒక చిన్న సుడి.
మా మ్యాపు మొత్తంలో
ఎత్తుపల్లాలు చూపించిన గీతలు అవే.
ఏ సర్వే పార్టీ గీసినవీ కావు.

స్కానరు మీద పెట్టాను.
అది కాసేపు గొణిగి, ఆలోచించి,
తెర మీద ఒక పెట్టె తెరిచింది:
గుర్తించిన ఆకారం, నీటి వనరు.
ఉంచాలా? తొలగించాలా?

కిటికీ బయట ఎవరో
స్కూటీ స్టార్టు కాక కిక్కులు కొడుతున్నారు.
క్యాంటీన్ కుర్రాడు టీ పెట్టి పోయాడు.
టీ మీద మీగడ కట్టింది.

ఉంచు, అని నొక్కాను.

రేపెవరో తొలగించొచ్చు. నాకు మెమో రావచ్చు.
ఆ చోట ఉయ్యాల రావచ్చు, పాప రావచ్చు,
ఆ పాపకి ఏ మెట్టు మిగులుతుందో.

సాయంత్రం ఇంటికెక్కుతూ
లెక్కపెట్టుకున్నాను.
తొమ్మిదోది
ఎండాకాలంలో కూడా
అరికాలికి చల్లగా తగులుతుంది.