బత్తాయి బూడిద

కుట్టు మిషన్ అమ్మలే,
మోటరు మటుకు ఊడదీసి సారెకు తగిలిచ్చిన.
మొదటిరోజు మట్టిముద్ద లేచి గోడకు కొట్టింది.
ఇరవై రెండేండ్లు జాకెట్లు కుట్టిన మోటరు,
దానికి ఉరుకుడే తెలుసు.
కాలికింద బుజ్జగించనీకె
ఒక ఎండకాలం పట్టింది.

చండూరుల మా ఇంటెన్క రేకుల సాయబాన్.
బకెట్లు మూడు:
ఒకదాంట్ల మట్టి నానుతది,
ఒకదాంట్ల తేరుతది,
మూడోది బట్టలది. దాంట్ల గూడ మట్టే.

మట్టి ఎరుక చేసింది కుమ్మరి ఈదయ్య.
"నోట్లె ఏసుకో" అన్నడు. ఏసుకున్న.
పండ్ల నడుమ కరకరమంది.
"ఇసుక. పారెయ్యి."
ఇంకో తావుల తవ్వింది
వెన్న లెక్క నాలుకకు అంటుకుంది.
ఆయన ఏమనలే, సంచి పట్టిండు.

సారె మీదికి వంగి వంగి నడుము గిట్లయిందంటడు ఈదయ్య.
సారె ఇడిచి పదిహేనేండ్లాయె,
నడుము ఇంకా వంగుతనే ఉంది.
ఏ బోరు నీళ్లు వంచినయో
మా దిక్కు ఎవలూ అడుగరు.
నవ్వితే తెలుస్తది:
నా పండ్ల మీద పసుపు చారలు, నడుమ గోధుమ మరకలు.
పెండ్లి ఫోటోల గూడ నోరు మూసుకునే ఉన్న.
కొంగు నోటికి అడ్డం పెట్టుడు
సూదిల దారమెక్కిచ్చుడంత అలవాటు.

పోయినేడు గట్టుప్పల్ తొవ్వల
బోర్లు ఎండి ఒక బత్తాయి తోట నరికిండ్రు.
ఆటోల ఏసుకొచ్చిన.
సన్నకట్టె, గట్టికట్టె,
కాలుతుంటే తొక్క ఒలిచిన వాసన.
ఆ బూడిద నాలుగు పాళ్లు జల్లెడ పట్టిన.
గాజుల దుకాణం యాకూబ్ బీ దాసిచ్చిన
పలిగిన గాజులు దంచి ఆరు పాళ్లు,
కంసాలి రాంబ్రమ్మం తూచకుండిచ్చిన వెలిగారం ఒక గుప్పెడు.
ఈ లెక్కంత కొలతల పుస్తకంలనే రాసుకున్న,
ఎవలిదో ఛాతి ముప్పై ఆరు, చెయ్యి తొమ్మిది,
దాని కింద.

డీజిల్ డ్రమ్ముల ఇటుకలు పేర్చి ఆవం కట్టినం.
పెట్టినయి పదకొండు.
పొద్దుగూకినంక అంటువెట్టినం.
పక్కింటామె దండెం మీద బట్టలు తీసుకుంట
ఒక మాటన్నది, పొగల కలిసి పోయింది.

బొక్కలకెళ్లి సూడాలె.
మొదలు చీకటి, ఆనెంక దానిమ్మ గింజ.
యాకూబ్ బీ మనుమరాలు అఫ్రీన్ నిద్రవోకుండ కూసుంది.
"ఇగ అయిందా తాతా?"
"మోదుగుపువ్వు ఇప్పుడిప్పుడే.
బంతిపువ్వు కావాలె."
కట్టె, మల్ల కట్టె.
మూడు గంటలప్పుడు లోపల టప్పుమంది.
"ఒకటి" అన్నడు ఈదయ్య, కండ్లు తెరవకుండనే.
టప్పు.
"రెండు."
నా కడుపుల ఏదో తెగింది,
దారం రీలు అయిపోయినట్టు.

"మధ్యాన్నం దాక ముట్టకు" అన్నడు.
ఆగలే.
తెల్లారంగనే మూత జరిపిన.
చల్లగాలి తగిలి ఇంకో మూడు
నా కండ్లముందటనే చిటచిట పలిగినయి.
ఆయన తిట్టలే. బీడి ఎలిగిచ్చిండు.
తిడితే మంచిగుండు.

అడుగున మూలకు ఒక గిన్నె.
సక్కగనే ఉంది.
అంచుకు పసుపు కారింది, చారలు చారలు,
నడుమ గోధుమ మరకలు,
మీదికెళ్లి తడి ఆరని మెరుపు.
కృష్ణ నీళ్లొచ్చినంక పుట్టిన పిల్ల అఫ్రీన్,
ముత్యాల లెక్క తెల్లగున్న నోరు తెరిచి
"అక్కా, ఇది నీ పండ్ల లెక్కుంది!" అన్నది.
యాకూబ్ బీ దాని జబ్బ గిచ్చింది.

కొంగు బురదల తడిసి నడుముకు చెక్కి ఉండె,
చేతులకు మసి.
నోటికి అడ్డం పెట్టనీకె ఏదీ లేదు.
నవ్వొచ్చింది, నవ్విన.
బీడి చేత్ల పట్టుకుని ఈదయ్య అట్లనే సూసిండు,
ఆయన పండ్లు గూడ అసుంటియే.

గిన్నెల నీళ్లు పోసినం.
జరసేపటికి అడుగు చెమర్చింది.
ఈదయ్య నీళ్లు పారవోసి, గోరుతోని కొట్టి,
చెవికాడ పెట్టుకున్నడు.
"ఇంకో రెండు మోపులు పడేది ఉండె."

పెంకులు రోట్లె దంచనీకె తీసివెట్టిన,
మల్ల మట్టిల కలుపుతందుకు.
పుస్తకంల, ఛాతి ముప్పై ఆరు కింద,
బూడిద నాలుగు గాజు ఆరు కింద
రాసిన:
రెండు మోపులు. మధ్యాన్నం దాక ఆగాలె.